గిడుగు పుట్టినరోజున సవర భాషకు చోటేది?

ఏటా ఆగస్టు 29న విదేశాల్లోని మన తెలుగు సంఘాలన్నీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి చిత్రపటానికి దండ వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలచుకుంటాయి. తలచుకోవలసిందే. అయితే సవర భాష కోసం ఆయన దశాబ్దాల పాటు పడిన శ్రమ ఆ సభల్లో ఒక్క వాక్యంతో సరిపోతుంది, అదీ ఉపన్యాసకుడికి గుర్తుంటే.

సవరలు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో, ఇటు సీతంపేట, పాతపట్నం ప్రాంతాల నుంచి అటు పర్లాకిమిడి, గుణుపురం మన్యం దాకా విస్తరించి ఉన్నారు. 2011 జనగణన ప్రకారం ఈ భాష మాట్లాడేవారు సుమారు 4 లక్షల మంది, వారిలో ఎక్కువ మంది ఒడిశాలోనే ఉన్నారు. చుట్టూ తెలుగు, ఒడియా ఉన్నా సవర ఈ రెండింటికీ చుట్టం కాదు. సంతాలీ మాదిరిగా ముండా అనే వేరే భాషా కుటుంబానికి చెందినది. దాని లెక్క పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది కనుక ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని కూర్చాలి. నామవాచకం కురచబడి క్రియ లోపలికే చేరిపోయే తీరు ఈ భాషను ప్రపంచ భాషాశాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చింది.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన రామమూర్తి గారు, రెండు భాషలూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ నిఘంటువు 1938లోనూ మద్రాసు ప్రభుత్వం తరఫున వెలువడ్డాయి. ఆ రెండు పుస్తకాల నడుమ, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలవగా, ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. అదే ఏడాది మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. సవర రాయడానికి వాడే తెలుగు, ఒడియా, రోమన్ లిపులతో పాటు ఇది నాలుగోది. ఇంత చిన్న జనసమూహానికి ఇన్ని లిపులు భారమే, కాని ఏది నిలవాలో తేల్చవలసింది సవరలే గాని మనం కాదు.

పరాయి దేశంలో పిల్లలకు తెలుగు నిలవాలని తరగతులు నడుపుతాము, స్థానిక బడుల్లో తెలుగుకు గుర్తింపు కోరుతాము. ఆంధ్ర వైపు తన కొండ మీదే పుట్టిన సవర పిల్లవాడికి ఒకటో తరగతిలో ఎదురయ్యే పరాయి భాష మన తెలుగే. పుస్తకంలోని భాష పిల్లవాడి నోటి భాషకు దూరమైతే చదువు అబ్బదన్నది గ్రాంథికం మీద గిడుగు వారి వాదం. దాన్ని మన భాష మేరకే అంగీకరించి, సవర దగ్గరికి వచ్చేసరికి ఆపేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. వాటిలో సవర ఒకటి, వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఆ బోధన ఎక్కువగా గౌరవ వేతనం మీద పనిచేసే భాషా వాలంటీర్ల భుజాన పడింది. పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగాలు వస్తాయని తల్లిదండ్రులు అడిగితే అది న్యాయమైన మాటే. సవరతో మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో తెలుగుకూ ఆపైన ఇంగ్లీషుకూ నడిపించే పద్ధతిలో ఆ రెండింటికీ లోటు ఉండదు.

మన సంఘాలు సొంత ఊళ్లకు పంపే విరాళాల్లో కొంత భాగాన్ని సవర మాతృభాషగా గల ఉపాధ్యాయుల శిక్షణకూ, సవర–తెలుగు నిఘంటువుకూ, పెద్దల కథలూ పాటలూ రికార్డు చేసి ఆ ఊరి బడిలోనే భద్రపరచడానికీ కేటాయించాలి. వచ్చే ఆగస్టు సభకు వక్తగా ఒక సవర ఉపాధ్యాయుణ్ణి పిలవడం అంతకన్నా తేలిక, ముందు ఆ పనైనా చేయవచ్చు.