రేపటి నాయకులు కావలెను, ఇవాళ పనేమీ లేదు

భవిష్యత్తు కోసం నాయకుల్ని తయారుచేయడంలో ఉన్నంత సుఖం ఇంకే ఆఫీసు పనిలోనూ లేదు. రిపోర్టు శుక్రవారానికి కావాలంటారు, లెక్కలు నెలాఖరుకు కావాలంటారు, నాయకుడు మాత్రం ‘భవిష్యత్తుకు’ కావాలంటారు. తేదీ వేయని చెక్కు లాంటి మాట అది. భవిష్యత్తుకు ఇంకో మంచి గుణం కూడా ఉంది. వచ్చేటప్పుడు పేరు మార్చుకుని వర్తమానంలా వస్తుంది. వర్తమానాన్ని చూసుకోవడానికి పాత బాసులు ఎలాగూ కదలకుండా కూర్చునే ఉన్నారు.

ఈ కార్యక్రమానికి ముందుగా కావలసింది పేరు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోకూడదు. పేరులో ‘నెక్స్ట్’, ‘రైజ్’, ‘హొరైజన్’ వీటిలో ఒకటి ఉండి తీరాలి. లోగోలో బాణం ఉండాలి, అది పైకి చూస్తూ ఉండాలి. ఎవరిని చేర్చుకోవాలన్నది ఆ తర్వాతి సంగతి.

చేర్చుకోవడానికి సూత్రం తేలికే. తన పని తాను అందరికంటే బాగా చేసుకుపోతున్న మనిషిని వెతికి పట్టుకుని ఆ పని మాన్పించాలి. మనుషులు తమకు చేతకాని మెట్టు దాకా ఎక్కి అక్కడే ఆగిపోతారని కెనడాకు చెందిన విద్యావేత్త లారెన్స్ పీటర్ 1969లో వేళాకోళంగా అన్నాడు. 2019లో బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా కంపెనీల్లో అమ్మకాల సిబ్బంది లెక్కలు తీసి చూస్తే అందులో వేళాకోళమేమీ లేదని తేలింది. బాగా అమ్మినవాళ్లకే ప్రమోషన్ దక్కుతోంది, వాళ్లు మేనేజర్లయ్యాక కిందివాళ్ల అమ్మకాలు పడిపోతున్నాయి. పక్కవాళ్లతో కలిసి అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు అంతకన్నా మంచి మేనేజర్లవుతున్నారు. అయినా ప్రమోషన్ల దగ్గర ఆ అనుభవానికి విలువ కట్టేవాళ్లు లేరు.

కిందివాళ్ల అమ్మకాలు ఎలా పడతాయో అమ్మకాల గదిలో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. టీములో ఒకమ్మాయి ఖాతాదారుతో మాట్లాడుతూ ధర దగ్గర తడబడుతుంది. వెనక నిలబడ్డ కొత్త మేనేజరు చెయ్యి చాస్తాడు. “ఇలా ఇవ్వమ్మా.” నాలుగు నిమిషాల్లో బేరం కుదిరిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఇబ్బంది వస్తే ఫోను సారు చేతికివ్వాలన్న పాఠం ఆ అమ్మాయికి ఆ నాలుగు నిమిషాల్లో బ్రహ్మాండంగా వంటబట్టింది. మూడు నెలలు తిరిగేసరికి ఎనిమిది మంది ఫోన్లు ఒక్క మనిషి చేతిలో మోగుతుంటాయి, ఆ మనిషికి భోంచేసే తీరిక ఉండదు. దీన్నే మూల్యాంకన పత్రంలో ‘ముందుండి నడిపించడం’ అని రాస్తారు.

పేర్లు పోగయ్యాక వాటిని తొమ్మిది గళ్ల పెట్టెలో పోయాలి. అడ్డంగా పనితీరు, నిలువుగా ‘పొటెన్షియల్’, అంటే ముందుముందు ఎదగగల సత్తా. ఈ గళ్ల పట్టికకు మంచి వంశమే ఉంది. 1970ల మొదట్లో మెకిన్సీ అనే సలహా సంస్థ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి తయారుచేసిచ్చింది. ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలి, దేన్ని వదిలించుకోవాలి అన్నది తేల్చుకోవడానికి. తర్వాత హెచ్చార్ వాళ్లు, అంటే సిబ్బంది వ్యవహారాల విభాగం వాళ్లు, వ్యాపారాల పేర్లు చెరిపి మనుషుల పేర్లు రాసుకున్నారు, గళ్లు మాత్రం అలాగే ఉంచారు.

పట్టిక నింపే సమావేశానికి రెండు గంటలు, తేల్చవలసిన పేర్లు నలభై. లెక్క ప్రకారం మనిషికి మూడు నిమిషాలు. మొదటి ఆరుగురి మీదే గంట గడిచిపోతుంది, ఎందుకంటే అప్పటికి అందరికీ ఓపిక ఉంటుంది. మిగతా ముప్ఫై నాలుగు మందిని రెండో గంటలో మధ్య గడిలో కుక్కేస్తారు. పనితీరుకైతే ఏవో అంకెలుంటాయి. పొటెన్షియల్‌ను కొలిచే పరికరం ఇంకా తయారు కాలేదు కాబట్టి గొంతుతో కొలుస్తారు. సమావేశంలో తొణక్కుండా మాట్లాడేవారికి ఎక్కువ, పని చేసి చెప్పుకోవడం మరిచినవారికి తక్కువ. ఆ గదిలో కూర్చున్న పెద్దల్లో ఎవరో ఒకరికి “నా చిన్నప్పుడు నేనూ అచ్చం ఇలాగే ఉండేవాణ్ణి” అనిపిస్తే ఇక కుడివైపు పై గడి ఖాయం. ఏ గడిలో పడ్డారో సదరు మనిషికి చెప్పకూడదన్నది నియమం. ఆ సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోవడం ఆనవాయితీ.

ఆ తర్వాత వ్యక్తిత్వ పరీక్ష. పదహారు రకాల మనుషులు, నాలుగేసి అక్షరాల పేర్లు. మళ్లీ రాస్తే వేరే అక్షరాలు రావడం మామూలే కాబట్టి మళ్లీ రాయించకూడదు.

ఇక వర్క్‌షాప్. అసలు సందడంతా ఇక్కడే. నలుగురేసి జట్టు. జట్టుకు ఇరవై పచ్చి స్పగెటీ పుల్లలు, గజం టేపు, గజం దారం, పైన నిలబెట్టడానికి ఒక మార్ష్‌మెల్లో, అంటే దూదిలా మెత్తగా ఉండే మిఠాయి. గడువు పద్దెనిమిది నిమిషాలు. ఎవరి గోపురం ఎత్తుగా నిలబడితే వాళ్లు గెలిచినట్టు. మొదటి మూడు నిమిషాలు ఎవరి మాట చెల్లాలన్నది తేల్చుకోవడానికి పోతాయి. తర్వాత ఒకరు కాగితం మీద త్రిభుజాలు గీస్తారు. పదో నిమిషం నుంచి కట్టడం. పదిహేడున్నరో నిమిషంలో, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, మిఠాయిని తీసుకెళ్లి పైన పెడతారు. తేలిగ్గా కనబడే ఆ ఉండకు బరువుందని అప్పుడు తెలుస్తుంది. పుల్లలు వంగుతాయి, గోపురం ఒక పక్కకు మోకరిల్లి బల్ల మీద పడుకుంటుంది.

ఇదే ఆట కిండర్‌గార్టెన్ పిల్లలు ఆడితే, సగటున చూస్తే, బిజినెస్ స్కూల్లో చదివినవాళ్లకంటే ఎత్తు కడతారు. కారణం వాళ్ల తెలివి కాదు. ఆ పిల్లలు ముందే మిఠాయి పెట్టి చూస్తారు, పడితే మళ్లీ కడతారు, మళ్లీ పెడతారు. ఎవరు సీఈవో అన్న గొడవ వాళ్లకు లేదు. ‘చిన్నగా, ముందుగా, పదేపదే పరీక్షించు’ అని శిక్షకుడు చార్టు మీద పెద్దక్షరాలతో రాస్తాడు. అందరూ దానికి ఫోటో తీసుకుంటారు. సోమవారం ఆఫీసుకు తిరిగొచ్చి, ఖాతాదారుకు చివరి వారంలో మాత్రమే చూపించేలా వేసుకున్న ఎనిమిది నెలల ప్రాజెక్టు ప్లాను మీద సంతకం చేస్తారు.

వర్క్‌షాప్ ముగిశాక ఒక ఫారం. గది చల్లగా ఉందా, శిక్షకుడు సరదాగా ఉన్నాడా, భోజనం ఎలా ఉంది, అయిదుకు ఎన్ని మార్కులిస్తారు? శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే రాసి పెట్టాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో నడవడి మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. ఆఫీసులు మొదటి మెట్టు మీదే గుమ్మం కట్టి లోపలికి వెళ్లిపోతాయి. రెండో మెట్టుకు చిన్న పరీక్ష చాలు. మూడోదానికి మూడు నెలలాగి, ఆ మనిషి కింద పనిచేసేవాళ్లను పిలిచి “ఏమైనా మారిందా?” అని అడగాలి. అడిగితే చెబుతారన్న భయంతోనే ఎవరూ అడగరు. అర్థం లేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీ పట్టి, తన మతిమరుపును తనే కొలుచుకున్న జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రకటించిన లెక్కలో, ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండొంతుల శ్రమ ఆవిరైపోయింది. అలాంటప్పుడు రెండు రోజుల పాఠాన్ని ఎనిమిది ముక్కలు చేసి, వారానికో గంట చెప్పి, మధ్యలో ఆ ముక్కను పనిలో వాడి చూడమనడం మేలు. కానీ ఎనిమిది ముక్కలకు బ్యానరు కట్టలేం, గ్రూపు ఫోటో కుదరదు.

శిక్షణ విభాగాల గోడ మీద 70-20-10 అని ఒక మంత్రం ఉంటుంది. నేర్చుకునేదాంట్లో డెబ్బై పాళ్లు కష్టమైన పని మీద పడి, ఇరవై ఇతరుల్ని చూసి, పది తరగతిలో అని. 1980లలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్లు, పైకొచ్చిన అధికారుల్ని “ఎలా నేర్చుకున్నారు?” అని అడిగితే వాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినదాన్నుంచి పుట్టిన నిష్పత్తి ఇది. త్రాసు పెట్టి తూచిందేమీ కాదు, అయినా దిక్కు చూపించడానికి పనికొస్తుంది. ఆఫీసులు ఆ చివరి పదిని నూటికి నూరుపాళ్లు అమలు చేస్తాయి. డెబ్బై సంగతి అడిగితే “అది పనిలో భాగంగా దానంతటదే వస్తుంది” అంటాయి.

దానంతటదే రాకుండా చూడటమే ఇప్పుడున్న నాయకత్వం అసలు విధి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి, ప్రమాదం జరిగేది ఇక్కడే.

నిర్ణయం చేతికివ్వడానికి నాలుగు మెట్లున్నాయి. ఒకటి: విషయం కనుక్కుని రా, నేను తేలుస్తాను. రెండు: నీకేమనిపిస్తోందో చెప్పు, నేను తేలుస్తాను. మూడు: నువ్వే తేల్చు, తేల్చాక చెప్పు. నాలుగు: నువ్వే తేల్చు, చెప్పనక్కర్లేదు. మనిషి నాయకుడయ్యేది రెండుకూ మూడుకూ మధ్య, తన తప్పు తన పేరు మీద పడే ఆ చోట. కాబట్టి అభ్యర్థిని ఒకటో మెట్టు మీద నిలబెట్టి, నోటితో మాత్రం నాలుగో మెట్టు భాష మాట్లాడాలి. “ఇది పూర్తిగా నీదే. పంపే ముందు ఒక్కసారి నాకు చూపించు.” అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెతకు ఇంతకంటే చక్కటి ఆఫీసు అనువాదం ఉండదు. చూపించిన ఉత్తరంలో ‘త్వరలో’ అన్నచోట ‘అతి త్వరలో’ అని దిద్ది, రెండు రోజులాగి పంపిస్తే చాలు. రెండోసారి ఆ మనిషి ఆలోచించి రాయడు, ఎలాగూ దిద్దుతారు కదా. ఆ అజాగ్రత్తను చూపించి “చూశారా, ఇంకా సిద్ధం కాలేదు” అని హెచ్చార్‌కు రాయవచ్చు.

ఈ రంగంలో కొందరు విధ్వంసకులున్నారు, వాళ్ల పద్ధతి తెలిస్తే తప్పించుకోవడం సులువు. రెండు వారాలపాటు తాము తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంటారు, సెలవు మంజూరు దగ్గర్నుంచి పెద్ద ఒప్పందం దాకా. పొరపాటు జరిగితే వెనక్కి తీసుకోగలిగినవాటి పక్కన టిక్కు పెడతారు. ఆ టిక్కుల్లోంచి మూడింటిని తీసి, ఒక్కొక్కదానికీ ఒక మనిషి పేరు, ఎంత ఖర్చు దాకా అడగక్కర్లేదన్న హద్దు, ఎవరిని సంప్రదించాలి, ఎప్పుడు కూర్చుని చూసుకుంటాం అన్న తేదీ, మొత్తం నాలుగు వరసలు రాసి టీముకంతటికీ పంపుతారు. అందరికీ పంపడం ముఖ్యం. లేకపోతే జనం మళ్లీ పాత గుమ్మం దగ్గరే బారులు తీరతారు. ఆ వచ్చినవాళ్లతో “ఆమెనే అడగండి” అని వెనక్కి పంపే నిగ్రహం మొదటి మూడు వారాలు ఉంటే చాలు, తర్వాత ఎవరూ రారు. అసలు కష్టమంతా అదే, ఎవరూ రాకపోవడం. ఇరవై ఏళ్లుగా గుమ్మం ముందు బారును చూసి తన విలువ తెలుసుకుంటున్న మనిషికి ఖాళీ గుమ్మం చూపిస్తే ఏమైపోతాడు?

తప్పుల సంగతి కూడా కలిపి ఆలోచించాలి. ఆస్పత్రి బృందాల మీద అధ్యయనం చేసిన అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదైనట్టు కనిపించింది. వాళ్లు తప్పులు ఎక్కువ చేయడం వల్ల కాకపోవచ్చు, చేసినవి దాచకుండా చెప్పుకోవడం వల్ల. 1990ల్లోనే తేలిన ఈ సంగతిని మన డాష్‌బోర్డులు మర్యాదగా పక్కన పెట్టాయి. వరసగా ఆరు నెలలు తప్పులు సున్నా అని చూపించిన విభాగానికి బహుమతి ఇస్తారు. ఏడో నెలలో అన్నీ కలిపి ఒకేసారి బయటపడితే దాన్ని ‘ఊహించని పరిణామం’ అంటారు.

ఊహించని పరిణామాల కోసం ఒక ప్రత్యేక స్లైడు ఉంటుంది, వూకా (VUCA). నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపిన పేరు: అస్థిరత, అనిశ్చితి, సంక్లిష్టత, అస్పష్టత. అమెరికా సైనిక కళాశాలలో 1980ల చివర వాడుకలోకి వచ్చిన మాట. “ఇంతటి అనిశ్చితి మునుపెన్నడూ లేదు” అని దాని కింద రాస్తారు. మూడు దశాబ్దాలు దాటినా ఆ వాక్యంలో అక్షరం మారలేదు. ప్రపంచంలో నికరంగా నిలబడ్డది బహుశా అదొక్కటే.

ఈ మధ్య కృత్రిమ మేధ మీద పూటపాఠం కూడా కలిపారు. ప్రశ్న ఎలా రాయాలి, సారాంశం ఎలా రాబట్టాలి, అంతవరకే. ఎవరూ మనసు పెట్టి వినని సమావేశానికి ఎవరూ చదవని సారాంశం ఇక క్షణంలో సిద్ధం. ఇక్కడ తేల్చుకోవలసిన చిక్కు ఒకటుంది, అది పాఠంలో ఉండదు. తొలి చిత్తుప్రతి రాయడం, లెక్కలు సరిచూడటం, సమావేశం మినిట్స్ రాయడం లాంటి చిల్లర పనులు చేస్తూనే కొత్తవాళ్లు మంచిచెడ్డలు పోల్చుకోవడం నేర్చుకునేవారు. ఆ పనులన్నీ యంత్రానికి అప్పజెప్పాక, యంత్రం రాసినదాంట్లో తప్పు పట్టగల కన్ను వాళ్లకు ఎక్కణ్ణుంచి వస్తుంది? యంత్రం రాసింది చూసే ముందు తమ జవాబు రెండు వాక్యాల్లో రాసుకుని, తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో చెప్పమంటే కొంత ఫలితం ఉంటుంది. దీనికి రోజుకు పావుగంట పడుతుంది, పైగా ఆ పావుగంట బాసు కూడా కూర్చోవాలి. అందుకే ఈ ఉపాయాన్ని రాబోయే బ్యాచ్‌కు వాయిదా వేయడమైనది.

ఏడాది తిరిగేసరికి పట్టా, దండ, ఫోటో. సరిగ్గా ఆ నెలలోనే పైన ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. వారసుల జాబితా తెరుస్తారు. అందులో ‘ఇప్పుడే సిద్ధం’ అన్న గడి ఖాళీ, ‘ఒకటి రెండేళ్లలో సిద్ధం’ అన్న గడి కిటకిట. నిరుడూ ఇవే పేర్లు, అంతకు ముందేడూ ఇవే. పోయినేటి ఎక్సెల్ ఫైలును కాపీ చేసి పైన సంవత్సరం మార్చడమే కాబట్టి ఆ ఒకటి రెండేళ్లు ఎప్పటికీ ఒకటి రెండేళ్ల దూరంలోనే ఉంటాయి. కుర్చీలోకి బయటి మనిషి వస్తారు. బయటివాళ్ల తప్పులు మనకింకా తెలియవు, అదే వాళ్ల అర్హత.

పట్టా పుచ్చుకున్నవాళ్లను మాత్రం వదులుకోరు. తర్వాతి బ్యాచ్‌కు మార్గదర్శకులుగా వేస్తారు. వాళ్ల మొదటి స్వతంత్ర బాధ్యత, జట్టుకు ఇరవై చొప్పున స్పగెటీ పుల్లలు లెక్కపెట్టి పెట్టడం. పొట్లాలు కొనడానికి అనుమతి కోరుతూ పంపిన మెయిలు మంగళవారం నుంచి బాసు దగ్గరుంది. ‘అతి త్వరలో’ చూస్తానన్నారు.