ఆ ఛానల్ ఎవరూ చూడరట!

ఇప్పుడే జరిగింది. పడుకుందామంటే నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

రాత్రి ఏడున్నరకి మా పాప అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని సైన్స్ ప్రోగ్రామ్ చూస్తోంది. ఆరో తరగతి. రోజూ చూస్తుంది. నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే వేళ్ళ చివర్లు ఎందుకు ముడతలు పడతాయి అన్నది ఈరోజు ప్రశ్న. ఒకాయన గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. చర్మం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి అనుకుంటున్నారు కదా, అసలు సంగతి అది కాదు అన్నాడు. అంతే, తెర నల్లబడింది. ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు అని అక్షరాలు వచ్చాయి. పాప ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను. "ఆ ఛానల్ ఎవులూ సూడరు మేడమ్, ప్యాక్ మారింది. దాని బదులు రెండు సినిమా ఛానళ్ళు ఇచ్చాం కదా" అన్నాడు. నేను చూస్తున్నాను కదా బాబూ, నా కూతురు చూస్తోంది కదా అన్నాను. "వీధి మొత్తం మీద మీ ఒక్కిల్లే మేడమ్" అన్నాడు.

ఆ ఒక్కిల్లు ఇల్లు కాదా? నెలనెలా ఐదో తారీఖు దాటకుండా కడుతున్నాను. మా ఇంట్లో ఎవరైనా ఆ సినిమా ఛానళ్ళు కావాలని అడిగారా? ఎవరూ చూడరు అంటున్నారు సరే, ఎవరైనా చూసేలా ఎప్పుడైనా పెట్టారా? ఆ ఛానల్ నంబరు ఎక్కడో ఏడొందల్లో ఉంటుంది. పాప కాగితం మీద రాసి టీవీ పక్కన అతికించుకుంది. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది, చూస్తుంటే కడుపు మండుతోంది.

దీనికి తోడు మా తోడికోడలు. ఇంటికి వచ్చి ఉంది, అంతా విని, "పోనీలే అక్కా, అవన్నీ ఎంసెట్‌లో అడుగుతారా ఏటి" అంది. మంచి మనిషే, నా మీద ప్రేమతోనే అంది. కానీ కేబుల్ అబ్బాయి మాటకన్నా నాకు ఆ మాటే ఎక్కువ తగిలింది. మనకి పరీక్షలో రాని ప్రశ్న ప్రశ్నే కాదు. పదకొండేళ్ళ పిల్ల తన వేలిని చూసుకుని ఇదెందుకిలా అని అడిగితే, దానికి ఎన్ని మార్కులు అని తిరిగి అడిగేవాళ్ళం మనం.

వేళ్ళ సంగతి నాకు తెలుసు, అందుకని పాపకి నేనే చెప్పాను. నరం దెబ్బతిన్న వేలు నీళ్ళలో ఎంత నానబెట్టినా మామూలు వేలిలా ముడత పడదు. అంటే చర్మం నీళ్ళు తాగడం ఒక్కటే కారణం కాదు. తడిలో కాసేపు ఉన్నాక నరాల నుంచి కబురు వెళ్ళి వేలి లోపలి సన్నని రక్తనాళాలు బిగుసుకుంటాయి. వేలి లోపలి మెత్తటి భాగం కాస్త తగ్గుతుంది, పైన చర్మం అంతే ఉంటుంది, అందుకే ముడత. డాక్టర్లు నరం పనిచేస్తోందా లేదా అని చూడడానికి దీన్ని పరీక్షగా కూడా వాడారు. బట్టలుతికిన ప్రతిసారీ చూసుకునే ముడత వెనక ఇంత ఉంది. ఇది పనికిరానిదా?

ఆ ప్రోగ్రాముల్లో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. తప్పు ఒప్పుకుంటారు. 2003లో మొదలైన మిత్‌బస్టర్స్ అనే ఇంగ్లీషు ప్రోగ్రామ్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వానలో నడిస్తే ఎక్కువ తడుస్తామా, పరిగెత్తితే ఎక్కువ తడుస్తామా అని పరీక్ష పెట్టారు. మొదట పరిగెత్తితేనే ఎక్కువ అని తేల్చారు. తర్వాత మళ్ళీ చేసి చూసి, కాదు, పరిగెత్తితేనే తక్కువ తడుస్తాం, ముందు చెప్పింది తప్పు అన్నారు. కోట్లమంది చూసే టీవీలో! మన తెలుగు ఛానళ్ళలో ఒక్కరైనా, నిన్న మేం చెప్పింది తప్పు అని చెప్పగా మీరు విన్నారా? నేను వినలేదు.

వినకపోగా ఏం చూశానో చెప్తాను. పోయిన నెల ఒక ఛానల్‌లో మన అరసవల్లి గురించి అరగంట ప్రోగ్రామ్ వేశారు. ఎంత ఆశగా కూర్చున్నానో. డప్పుల మోత, పొగ, ఎర్ర లైట్లు, శాస్త్రవేత్తలకే అంతుపట్టని రహస్యం అని నలభైసార్లు అరుపు. మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబర్ 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడడం అంతుపట్టని రహస్యమట. ఏం అంతుపట్టలేదు? మార్చి 20, 21 ప్రాంతంలో, సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మార్చి 10 దానికి పదిరోజుల ముందు, అక్టోబర్ 2 దానికి పదిరోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. అందుకే ఏడాదికి రెండుసార్లు. మా పాపకి గోడ మీద సుద్దముక్కతో గీసి చూపిస్తే ఐదు నిమిషాల్లో అర్థమైంది.

నేను ఆదివారం ఆదివారం అరసవల్లి వెళ్ళే మనిషిని. ఇది తెలిశాక నా భక్తి ఏమీ తగ్గలేదు. ఆ ద్వారాలన్నీ ఒకే వరుసలో నిలబెట్టి, ఆ కిరణం పాదాల దగ్గర ఆగేలా లెక్క కట్టిన మన పూర్వీకుల తెలివిని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఛానల్ వాళ్ళు అంతుపట్టదు అని చెప్పి ఆ శిల్పుల లెక్కని చెరిపేశారు. నాకు కోపం అందుకు.

ఖద్దరుకి పేరున్న మన పొందూరుకే రండి. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. చేప దవడే ఎందుకు? అందులో సన్నని పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, పీచు తెగకుండా చెత్త ఊడి వస్తుంది. ఇదే పని ఏ జపాన్ పల్లెలోనో జరిగితే మనం గంటసేపు నోరు తెరుచుకుని చూసేవాళ్ళం, అదీ పుస్తకం చదువుతున్నట్టుండే డబ్బింగ్ తెలుగులో. మన ఊరి సంగతి మన మాటలో చెప్పేవాళ్ళు లేరు.

నా చిన్నప్పుడు, 1991లో, దూరదర్శన్‌లో టర్నింగ్ పాయింట్ అని వచ్చేది. గిరీష్ కర్నాడ్ నడిపేవారు. ప్రొఫెసర్ యశ్‌పాల్ గారు ప్రేక్షకులు పంపిన ప్రశ్నలకి జవాబు చెప్పేవారు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల మీద పరిశోధన చేసిన అంత పెద్దాయన, ఎవరో పిల్లాడు రాసి పంపిన ప్రశ్నకి నవ్వుతూ జవాబు చెప్పడం! మేము పలాసలో పక్కింటి గుమ్మం దగ్గర కూర్చుని చూసేవాళ్ళం. మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఆయన ముఖం చూస్తే చాలు, అడగొచ్చు అని ధైర్యం వచ్చేది.

ఆ ధైర్యంతోనే బళ్ళో ఒకసారి లేచి అడిగాను. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. చేతులకి బూడిద రాసుకునేది, అయినా వేళ్ళు నల్లగా కాలిపోయి ఉండేవి. పప్పు తింటే ఏమీ కాదు, తొక్కలోని నూనె చేతులెందుకు కాలుస్తుంది సార్ అని అడిగాను. "పిక్కలు కొట్టుకునేవాళ్ళకి కెమిస్ట్రీ ఎందుకు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే కుర్రాడికీ ఇదే జరిగింది. 1963లో బళ్ళో ఐస్‌క్రీమ్ చేస్తూ చల్లారిన పాలకన్నా వేడి పాలు ముందు గడ్డకట్టడం చూశాడు. ఎందుకని అడిగితే మాస్టారు ఎగతాళి చేశారు, పిల్లలు నవ్వారు. తర్వాత డెనిస్ ఓస్‌బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని అడిగితే ఆయన నవ్వలేదు, ప్రయోగం చేయించారు. 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం వచ్చింది. ఈరోజుకీ శాస్త్రవేత్తలు దాని మీద వాదించుకుంటున్నారు. నాకు ఓస్‌బోర్న్ దొరకలేదు. జీడి తొక్కలో అనకార్డిక్ ఆమ్లం లాంటివి ఉంటాయని, జీడి, మామిడి ఒకే కుటుంబమని, మామిడి సొన తగిలితే పెదవి పొక్కేది కూడా ఇలాంటి రసాయనాల వల్లేనని నాకు పెళ్ళయ్యాక, ఇలాంటి ఒక ప్రోగ్రామ్ చూసి తెలిసింది. అప్పటికి అమ్మ లేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరూ చూడరా?

అసలు ప్రశ్న ఇంకా అడగలేదు నేను. కవిటిలో మా మావయ్య. తాగుడు లేదు, షుగర్ లేదు, బీపీ లేదు. కొబ్బరితోట, ఇల్లు, అంతే ఆయన లోకం. కిడ్నీలు పోయాయి. కవిటి ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఏ వీధికి వెళ్ళినా ఇలాంటి ఇల్లు ఉంటుంది. నీళ్ళన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ అని తేల్చిన మాట లేదు. శ్రీలంకలో వరి రైతులకీ, నికరాగువాలో చెరకు తోటల కూలీలకీ ఇలాంటి జబ్బే ఉందని నాకు తెలిసింది కూడా ఆ ఎవరూ చూడని ఛానళ్ళ వల్లే. మన ఛానళ్ళు ఉద్దానం వచ్చేది నాయకుడు వచ్చినప్పుడే. డయాలసిస్ మంచం పక్కన మైకు పెట్టి ఏడిపించి వెళ్ళిపోతారు. ఎందుకు వస్తోంది, ఎలా వెతుకుతున్నారు, ఏది కాదని తేలింది, ఏది మిగిలింది, ఒక్క గంట కూర్చుని మా భాషలో చెప్పినవాళ్ళు లేరు. మావయ్య పోయేవరకూ "నాకే ఎందుకమ్మా" అనే అడిగాడు. మా అత్త ఇప్పటికీ ఏ జన్మ పాపమో అంటుంది. జవాబు లేకపోతే మనిషి పాపం అనే అనుకుంటాడు.

రేపు పొద్దున్న కేబుల్ ఆఫీసు తెరిచేసరికి గుమ్మం దగ్గర ఉంటాను. విడిగా ఎంతయినా కడతాను, ఆ ఛానల్ నాకు కావాలి. మన వీధివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాతో రండి. ఒక్కిల్లు అన్నాడు కదా, రెండిళ్ళయినా అవుదాం.

పాప ఇంకా పడుకోలేదు. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసుకుని, ఎడమ చెయ్యి అందులో పెట్టి, గడియారం చూస్తూ కూర్చుంది.