నా కుడి చెవికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి చెవి గారి సముఖానికి,

జనరేటర్ పక్కన ఒక్క క్షణం వాలితే చాలు, తమరు తీర్పు చెప్పేస్తారు. మొన్న కూడా ‘ఇంజను నీరసంగా ఉంది, కాస్త పెంచు’ అన్నారు. ముందు మీటరుతో కొలవమని జనరేటరుతో వచ్చిన పుస్తకం మొత్తుకుంటూనే ఉంది. తమరు పెడచెవిన పెట్టారు. నేను ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్క్రూ తిప్పాను. ‘ఆహా, శ్రుతి కలిసింది’ అని తమరు మురిసిపోయారు.

ఎంత కలిసిందో గోడ గడియారం చెప్పింది. కరెంటు తరంగాలను లెక్కపెట్టుకుంటూ నడిచే పాతకాలపు మోటారు గడియారం అది. గంటలో ఎనిమిది నిమిషాలు ముందుకు పరిగెత్తింది. యూపీఎస్ అయితే ఈ కరెంటును ముట్టనే లేదు. కీచుకీచుమంటూ బ్యాటరీ ఉన్నంతసేపు నడిచి, ఆపైన పడకేసింది. మీటరు పెట్టి ఫ్రీక్వెన్సీ చూస్తే 57 హెర్ట్జ్, అంటే సెకనుకు 57 తరంగాలు. కావలసింది 50.

తగ్గించమంటే తమరు ఏకంగా 44కు దించారు. ఈసారి ఫ్రిజ్ వంతు. ఫ్రీక్వెన్సీ పడిపోయినా వోల్టేజి అంతే ఉంటే మోటారులోని ఇనుము అయస్కాంతశక్తిని ఇక మోయలేదు. అదనపు కరెంటు లాగి వేడెక్కుతుంది. కంప్రెసర్ మీద వేసిన చేతిని ఎంత వేగంగా తీశానో ఆ చేతికే తెలుసు.

అందుచేత తమరిని ఈ బాధ్యత నుంచి తప్పిస్తున్నాను. నిన్న తమరిని అడగకుండానే పని కానిచ్చాను. జనరేటరును ఆరుబయట పెట్టి, ఇంట్లో సామాన్లన్నీ దాని నుంచి ఊడదీసి, ఇంజను వేడెక్కాక మీటరు తగిలించాను. స్క్రూను పావు చుట్టు కన్నా తక్కువగా, ఆగి ఆగి తిప్పాను. లోడు లేనప్పుడు 52 దగ్గర ఆపాను, ఎందుకంటే లోడు పడగానే వేగం కొంత తగ్గుతుంది. ఇస్త్రీపెట్టె తగిలిస్తే 50కి వచ్చి నిలబడింది. మా యంత్రంలో అంటే నిమిషానికి 3000 చుట్లు. 60 హెర్ట్జ్ యంత్రమైతే 3600. వేగంతో పాటు వోల్టేజి కూడా మారుతుంది కాబట్టి అదీ చూసుకున్నాకే ఫ్రిజ్‌కు కరెంటు ఇచ్చాను.

పక్కింటివారి ఇన్వర్టర్ జనరేటర్ మీద కూడా తమరి కన్ను, క్షమించండి, చెవి పడిందని విన్నాను. దాని ఇంజను వేగం లోడును బట్టి మారుతూనే ఉంటుంది. ఫ్రీక్వెన్సీని ఎలక్ట్రానిక్ సర్క్యూటే నిలబెడుతుంది. దాని జోలికి వెళ్లకండి.

ఈ లేఖతో ఇయర్‌ప్లగ్గులు రెండు పంపుతున్నాను. ఒకటి ఎడమ చెవి గారికి. పాపం, ఇంతవరకూ ఒక్క సలహా ఇవ్వలేదు.

ఇట్లు,
తమరిని మోస్తున్న తల