ముందుగా ముగించిన పిల్లలకు అవే లెక్కలు మళ్లీ ఎందుకు?

ఇచ్చిన లెక్కలు ముందుగా ముగించిన పిల్లలకు మన ప్రాథమిక బడుల్లో సాధారణంగా అలాంటివే మరో ఐదు ఇస్తారు. లేదంటే పక్కవాడికి చూపించమంటారు, అదీ కాకపోతే చేతులు కట్టుకుని కూర్చోమంటారు. తిరుపతి నగరంలోని పాఠశాలైనా, చిత్తూరు చుట్టుపక్కల పల్లె బడైనా పెద్ద తేడా ఉండదు. వీటిలో ఎక్కువ హాని చేసేది మొదటిదే. త్వరగా చేస్తే పని పెరుగుతుందని గ్రహించిన పిల్లవాడు మెల్లగా చేయడం అలవాటు చేసుకుంటాడు. పక్కవారికి చెప్పడం మంచిదే, కానీ రోజూ అదే పనైతే ఆ పిల్లవాడి చదువు అక్కడే ఆగిపోతుంది.

ఉపాధ్యాయుల ఇబ్బంది చిన్నది కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులనూ ఆ ఇద్దరే పంచుకోవాలి. పైగా చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు పటిష్ఠం చేయడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం దృష్టి కనీస సామర్థ్యాలు అందని పిల్లలపై ఉంది. ఉండాల్సిందే. అందుకే ముందున్నవారికి వేరే పాఠం తయారుచేయమని ఏ టీచరునూ అడగలేం. నల్లబల్ల మూలన రాసిపెట్టే ఒక్క ప్రశ్న చాలు, అయితే అది ఒక్క జవాబుతో ముగిసిపోకూడదు.

నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కప్రేకర్ 1949లో కనుగొన్న విషయం ఇందుకు చక్కగా సరిపోతుంది. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోవాలి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. ఆ అంకెలతో ఏర్పడే అతి పెద్ద సంఖ్యలోంచి అతి చిన్న సంఖ్యను తీసివేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే చేయాలి, మూడంకెలే మిగిలితే ముందు సున్నా చేర్చుకోవాలి. 3524తో మొదలుపెడితే 3087, తర్వాత 8352, ఆ తర్వాత 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతల లోపే 6174 వస్తుంది, ఆపైన మారదు. మూడో తరగతివారు మూడంకెలతో చేస్తే 495 దగ్గర ఆగుతారు. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఇన్ని చేసినా, చేయించారన్న భావన పిల్లలకు కలగదు. ఇంకా ముందుకు వెళ్లగలవారిని, వచ్చిన ప్రతి తేడాలోని అంకెలను కూడి చూడమనవచ్చు. ఆ మొత్తం ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఎందుకు ఉంటుంది?

మన ఊరి సంగతులూ ఉన్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 అని ఇక్కడి పిల్లలు వింటూనే ఉంటారు. తేడా ఎంత అన్నది అందరికీ ఇచ్చే లెక్క. ముందుగా ముగించినవారికి, ఈ రెండు సంఖ్యలతో తీసివేత, భాగాహారం రెండూ అవసరమయ్యే ప్రశ్న తయారుచేయమని చెప్పాలి. ప్రశ్న తయారుచేయడం జవాబు రాబట్టడం కంటే కష్టం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వేగం వేరు, గణిత బుద్ధి వేరు. ట్యూషన్‌లో పద్ధతి ముందే బట్టీ పట్టినవాడు త్వరగా ముగిస్తాడు, ఆలోచించేవాడు ఆలస్యం చేయవచ్చు. కాబట్టి నల్లబల్ల మూలన ఉన్న ప్రశ్న వారానికి ఒక్క పీరియడైనా తరగతి మొత్తానికీ దక్కాలి.

ఇలాంటి ప్రశ్నలను ఒక్కో టీచరు ఒంటరిగా వెతుక్కోనక్కర్లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నను, దానికి తమ పిల్లలు రాసిన జవాబులతో సహా తెస్తే చాలు. వాటిని తరగతులవారీగా కూర్చే పనిని కార్వేటినగరంలోని డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.