మీ మంచికే అంటే సరిపోతుందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో టెంటు వేస్తే చాలు, జనం వస్తారు. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడగరు. ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరు కిడ్నీ జబ్బుతో పోయిన ఊళ్లలో డాక్టరు వచ్చాడంటే ఆగేదెవరు? పోయిన వారం ఓ పల్లెలో జరిగింది అదే. షుగరూ బీపీ చూస్తాం, కిడ్నీ టెస్టు కూడా ఉచితం అని మైకులో చెప్పారు. మూడు పేజీల ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. తలా రెండు ట్యూబుల రక్తం, ఓ డబ్బా మూత్రం పట్టుకెళ్లారు. ఆ కాగితం ఒకటి మా చేతికొచ్చింది. రెండో పేజీ అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించీ కనిపించని అక్షరాల్లో, ఈ శాంపిళ్లను నిల్వ చేస్తామనీ, ముందు ముందు జరిగే వేరే పరిశోధనలకూ వాడతామనీ, బయటి సంస్థలకూ ఇస్తామనీ ఉంది. మేము మాట్లాడిన వాళ్లలో ఈ సంగతి ఒక్కరికీ తెలీదు. సాక్షి సంతకం ఉండాల్సిన చోట మేము చూసిన కాగితాలన్నిటి మీదా ఒకటే సంతకం, అదీ శిబిరం పెట్టిన వాళ్ల మనిషిదే.

"ఏటో బాబూ, రగతం తీసారు, ఏలు ఏయించుకున్నారు, ఏటొచ్చిందో సెప్పలేదు" అంది ఓ పెద్దావిడ మా విలేకరితో. నిర్వాహకులను అడిగితే వచ్చిన జవాబు ఇంకా చిన్నది. "అంతా వాళ్ల మంచికే కదండీ."

మాకు మండింది ఆ జవాబుకే.

పరిశోధన లేకపోతే ఈ జబ్బు గుట్టు ఎప్పటికీ తేలదు, ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి మూడు పేజీలూ చదివి వినిపిస్తే రోజుకు ఇరవై మంది కూడా తెమలరు అనేది వాళ్ల వాదన. నిజమే, పరిశోధన కావాలి. ఆ మాట వాళ్లకంటే ముందు నుంచీ అంటున్నవాళ్లం మేము. నీళ్లలో సిలికానా, పురుగుమందులా, నొప్పి బిళ్లలా, మండుటెండలో గుక్కెడు నీళ్లు లేకుండా చేసే పనా, రక్తంలోనే ఏదైనా ఉందా అన్నది ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదమిత్థంగా తేలలేదు. విశాఖ నుంచి వచ్చారు, ఢిల్లీ నుంచి వచ్చారు, అమెరికా నుంచీ వచ్చారు. వచ్చిన వాళ్లకల్లా ఉద్దానం చేయి చాపి రక్తం ఇచ్చింది. ఇన్నిసార్లు ఇచ్చిన జనానికి ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో నాలుగు ముక్కలు చెప్పడానికి తీరిక లేదంటే, అది తీరిక లేకపోవడం కాదు, లెక్కలేకపోవడం. పక్కవాడి తోటలో అడక్కుండా నాలుగు కొబ్బరికాయలు దింపుకుంటే ఇక్కడ పంచాయితీ పెడతారు, ఒంట్లో రక్తం దింపుకుపోతే మాత్రం నోరెత్తకూడదా?

ఇంతటితో అయిపోతే ఇంత రాసేవాళ్లం కాదేమో. ఆ తర్వాత మూడో రోజుకి, పరీక్ష చేయించుకున్న వాళ్ల పేర్లు, పక్కన కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకెలు, ఎక్కువ వచ్చిన వాళ్ల పేర్ల కింద ఎర్ర గీత, ఈ జాబితా మొత్తం ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదట. చేతికి రిపోర్టు రాని మనిషి తన అంకె ఎంతో పక్కింటి కుర్రాడి ఫోనులో చూసుకున్నాడు. ఉద్దానం సంగతి తెలిసిన వాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి, ఆ ఊళ్ల పిల్లను చేసుకోవడానికి బయటి వాళ్లు వెనకాడుతున్నారని ఏళ్ల తరబడి వింటున్నదే. ఆ జాబితాలో పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు. జీడి పరిశ్రమలో రోజుకూలీకి వెళ్లే ఆడవాళ్లున్నారు, 'నీకు ఒంట్లో బాలేదటగా' అని రేపు పనిలోంచి ఆపేస్తే అడిగే దిక్కులేని వాళ్లు. ఇదీ వాళ్ల మంచికేనా?

పెన్షన్‌కి వెళ్లినా, డయాలసిస్‌కి వెళ్లినా ముందు అడిగేది రిపోర్టునే. ఆ కాగితం మనిషి చేతికి ఇవ్వరు, అంకెను మాత్రం ఊరికి చూపిస్తారు. ఇంతకంటే తలకిందుల వ్యవహారం ఏముంటుంది?

రూల్స్ లేవా అంటే బోలెడున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. వివరాల పత్రం మనిషికి వచ్చిన భాషలో ఉండాలి, చదువురాని వాళ్ల విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి దగ్గరుండాలి, శాంపిల్ దాచుకోవాలంటే దానికి విడిగా ఒప్పుకోలు తీసుకోవాలి, వైద్యం అవసరమైన ఫలితం వస్తే ఆ మనిషికి చెప్పాలి. ఊరి పెద్ద సరేనన్నంత మాత్రాన ఊరంతా సరేనన్నట్టు కాదని కూడా ఉంది, ఇది మన సర్పంచులకు ప్రత్యేకంగా వినిపించాలి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వైద్య పరిశోధన చేసే ఏ సంస్థకైనా, పరిశోధనలో జనానికి అన్యాయం జరగకుండా చూసే రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ఉండాలన్నాయి. అందులో కనీసం ఏడుగురు, సగం మంది ఆ సంస్థతో సంబంధం లేని వాళ్లు, ఒక న్యాయం తెలిసిన మనిషి, ఒక సామాన్య పౌరుడు. ఆ సామాన్యుడిని ఎందుకు పెట్టారో తెలుసా? డాక్టర్లందరూ తలూపుతున్నప్పుడు, 'ఇది మా ఊరి ఆవిడకి అర్థమవుతుందా' అని అడగడానికి. ఈ శిబిరానికి అనుమతి ఇచ్చిన కమిటీ ఏది అని అడిగాం. ఈ సంపాదకీయం రాసే సమయానికి జవాబు లేదు.

పరీక్షలే కదా, మందులేమీ ఇవ్వలేదు కదా, దీనికింత గొడవెందుకు అనేవాళ్లుంటారు. మా భయం ఈ ఒక్క శిబిరం గురించి కాదు. ఇవాళ రక్తానికి చెల్లిన మాట రేపు మందుకు చెల్లుతుంది. చెల్లింది కూడా, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం చుట్టుపక్కల, పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా ప్రాజెక్టు నడిచింది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు. తర్వాత లెక్క తీస్తే, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 మీద వేలిముద్రలు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకూ టీకాకూ సంబంధం లేనట్టేనని విచారణ తేల్చింది. టీకా కూడా చెడ్డదేమీ కాదు. కానీ ఆ చావుల మీద, అంత దరిద్రంగా ఉన్న అడిగే పద్ధతి మీద గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపాల్సి వచ్చింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చీవాట్లు పెట్టింది. వార్డెన్లు కూడా ఆ రోజు ఇదే అనుకుని ఉంటారు, పిల్లల మంచికేగా అని.

అమెరికాలో టస్కీగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్లు, సిఫిలిస్ ఉన్న 399 మంది పేద నల్లజాతి మగవాళ్లకు 'చెడు రక్తానికి వైద్యం చేస్తున్నాం' అని చెప్పి, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. వాళ్లనీ రప్పించింది ఉచిత పరీక్షలు, ఉచిత భోజనం అనే. మన శిబిరాన్ని దాంతో పోల్చడం లేదు, పోల్చితే అన్యాయం. మొదలయ్యే తీరు మాత్రం ఒక్కలాగే ఉంటుంది: ఉచితం అంటారు, మంచికే అంటారు, అసలు సంగతి చెప్పరు.

మంచికే చేశాను అన్న మాటను మన సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది. 2008లో సమీరా కోహ్లీ కేసు. పరీక్ష కోసమని మత్తు ఇప్పించుకున్న ఆమెకు, మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. డాక్టరు సద్బుద్ధితోనే, పేషెంటు మేలు కోరే చేశారని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుని మరీ తప్పు అంది. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కు పనికిరాదంది. ఆ తీర్పు ప్రకారం చూస్తే షుగర్ టెస్టుకని చాపిన చేయి, ఎవరి ఫ్రీజర్‌లోనో ఏళ్ల తరబడి ఉండబోయే శాంపిల్‌కి ఒప్పుకోలు ఎలా అవుతుంది?

ఇది పల్లెల్లో చదువురాని వాళ్ల గోల మాత్రమే అనుకునే పట్నం బాబులకు ఒక మాట. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడవండి, విజయనగరంలో కోట చుట్టూ ఓ చక్కరు కొట్టండి. జుట్టు నాటతాం, రంగు తేలుస్తాం, పొట్ట కరిగిస్తాం అని ముందు ఫొటో, తర్వాత ఫొటో పెట్టిన బోర్డులు కనబడతాయి. డాక్టరు ఎవరో, ఏం చదివారో వెతుక్కోవాలి. జుట్టు నాటడం, సౌందర్య చికిత్సల మీద జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో ఉంది (ఇది కూడా రాసి చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఆలోచించండి). కాన్పూర్‌లో దంతవైద్యురాలు నడిపిన క్లినిక్‌లో జుట్టు నాటించుకున్న ఇద్దరు ఇంజినీర్లు కొద్ది నెలల తేడాలో చనిపోయారు, ఆ సంగతి 2025లో దేశమంతా చదివింది. చదివి ఏం చేశాం? ఇక్కడ ఏ బోర్డూ దిగలేదు.

ఆ క్లినిక్‌లలోనూ కాగితాలుంటాయి. ఉద్దానం ముసలావిడ చదవలేక వేలిముద్ర వేసింది, బీటెక్ చదివిన కుర్రాడు పెళ్లిచూపుల టెన్షన్‌లో చదవకుండా సంతకం పెట్టాడు. ఇద్దరికీ చెప్పింది ఒకటే, భయం లేదు, అంతా మీ మంచికే. తేడా ఎక్కడంటే, లక్ష రూపాయలు కట్టిన కుర్రాడికి ఇన్ఫెక్షనొస్తే వాళ్ల నాన్న వకీలుని తీసుకొస్తాడు. ఉద్దానం ఆవిడ ఎవరిని తీసుకురావాలి? ఇదే శిబిరం విశాఖలో ఏ అపార్ట్‌మెంటులోనో పెట్టి, రక్తం తీసి, రిపోర్టు ఇవ్వకుండా, జాబితా వాట్సాప్‌లో పెట్టమనండి చూద్దాం. సాయంత్రానికి టీవీలో చర్చ నడుస్తుంది. ఎవరిని అడగాలో, ఎవరిని అడక్కపోయినా ఫర్వాలేదో మన వైద్యులకు బాగా తెలుసు, అందుకే తెలియక జరిగిందన్న మాట మేము నమ్మం.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ మెడికల్ కాలేజీలున్నాయి. ఏ బృందం ఎవరి దగ్గర ఏ శాంపిల్ తీసుకుంది, ఎక్కడ దాచింది, ఏం తేల్చింది అని ఒక రిజిస్టరు పెట్టడానికి, వివరాల పత్రాన్ని తెలుగులో, వీలైతే మన యాసలో రికార్డు చేసి ఆశా కార్యకర్త ఫోనులో వినిపించడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. శిబిరానికి వచ్చే వాళ్ల ముందు ఆ మైకులోనే, బీపీ షుగర్ కబురుతో పాటు, 'ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, ఇవ్వకపోయినా మీ వైద్యం ఆగదు' అని ఒక్క వాక్యం చెప్పొచ్చు. చెబితే సగం మంది లేచిపోతారని భయమా? లేచిపోయే హక్కు వాళ్లకుంది.

జిల్లా వైద్యాధికారులు ఇంతవరకు ఒక ప్రకటన కూడా ఇవ్వలేదు. ఫిర్యాదు వస్తే చూస్తామన్నారట. తన రక్తం ఎక్కడికి పోయిందో తెలియని మనిషి ఎవరి మీద, ఏమని ఫిర్యాదు రాయాలి సార్? ఆ కాగితం మీకూ పంపాం. ఆ శాంపిళ్లు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో కనుక్కోండి, ఎవరి రిపోర్టు వాళ్ల ఇంటికి వెళ్లి చేతికివ్వండి, వాట్సాప్‌లో జాబితా పెట్టిందెవరో తేల్చండి. అది చేయించలేకపోతే కనీసం ఇంకో ఊళ్లో టెంటు వెయ్యనివ్వకండి.