గీత లోపల చట్టం, గీత బయట పులి

2024 డిసెంబరు చివర్లో వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలంలో పులి అడుగుజాడలు కనిపించాయన్న వార్త రాగానే నర్సంపేట ప్రాంతమంతా ఉలిక్కిపడింది. ములుగు అడవుల్లో అంటే సరే, మక్కచేలు, మిర్చితోటల మధ్యకు పులి రావడమేమిటని అందరికీ అదే ప్రశ్న. పటం ముందు పెట్టుకుని చూస్తే ఇందులో వింతేమీ లేదు. మహారాష్ట్రలోని తడోబా టైగర్ రిజర్వ్‌లో పులుల సంతతి పెరిగింది. ఈడొచ్చిన పులులకు అక్కడ చోటు చాలడం లేదు. అవి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తున్నాయి. అక్కడి నుంచి మంచిర్యాల, గోదావరి దాటితే భూపాలపల్లి, ములుగు, ఏటూరునాగారం, పాకాల. ఈ అడవి చాలాచోట్ల ముక్కలైంది గానీ పూర్తిగా తెగిపోలేదు. ఆ మిగిలిన ముక్కల మీదుగానే పులి నడుస్తోంది. ఆ ముక్కల మధ్య ఉన్నవి ఊళ్లు, పత్తిచేలు.

వన్యప్రాణుల విషయంలో మనకు చట్టాల కరువు లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అడవులు, వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలో చేరాయి. వాటిని కాపాడటం ప్రభుత్వ బాధ్యతని 48ఏ అధికరణం, పౌరుల విధి అని 51ఏ అధికరణం చెప్పాయి. 1980లో అటవీ సంరక్షణ చట్టం, 2002లో జీవవైవిధ్య చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. ఈ చట్టాలు లేకపోయి ఉంటే ఇవాళ చర్చించుకోవడానికి పులి మిగిలేది కాదు. వాటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే ఈ రక్షణంతా పటం మీద గీసిన గీత చుట్టూ అల్లుకుంది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు 1950లలోనే ఏర్పడ్డాయి. కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. పులికే వదిలే లోపలి అడవిని కోర్ అంటారు, దాని చుట్టూ ఉండే అడవిని బఫర్ అంటారు. రెండూ కలిపితే దాదాపు 2,015 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ దాదాపు 892. పులి కోసం కోర్ ఖాళీగా ఉండాలని కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గ్రామాలను 2024లో కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. తీరా చూస్తే పులులు స్థిరపడి పిల్లలను కన్నది కోర్‌లో కాదు, టైగర్ రిజర్వ్ బయట ఉన్న కాగజ్‌నగర్ డివిజన్‌లో. ఫాల్గుణ అని అటవీశాఖ పేరు పెట్టుకున్న ఆడపులి అక్కడే పిల్లలను కని పెంచింది. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి వైపు నుంచి ఒక ఏనుగు ప్రాణహిత దాటి వచ్చి చింతలమానేపల్లి, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు రైతులను చంపింది. ఏనుగన్నదే ఎరగని నేల అది. ఆ ఊళ్లలో ఎవరికీ ఏనుగు ఎదురైతే ఏం చేయాలో తెలియదు, తెలిసే అవకాశమూ లేదు.

వన్యప్రాణి చట్టం ప్రకారం పులి ఎక్కడున్నా ఒకటో షెడ్యూల్ జంతువే, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. చేనులో ఉన్నా, రోడ్డు మీద ఉన్నా దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా వేటకిందే లెక్క. కాగితం మీద ఇందులో లోటేమీ లేదు. కానీ బేస్ క్యాంపులు, కెమెరాలు, కేంద్రం నుంచి వచ్చే డబ్బు, పెద్ద అధికారుల దృష్టి ఎక్కువగా గీత లోపలే ఉంటాయి. గీత బయట పులి ప్రాణం ఒక బీట్ ఆఫీసర్, ఇద్దరు ముగ్గురు ట్రాకర్లు, పక్క ఊరి రైతు ఓపిక మీద ఆధారపడి ఉంది.

ఆ ఓపిక ఎక్కడ తెగుతుందో 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవిలో తెలిసింది. రోజుల తేడాలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టినట్టు విచారణలో బయటపడింది. ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. పులి ఒక పశువును చంపితే ఒక్క పూటలో తినేసి పోదు. తినగా మిగిలినదాని దగ్గరికి మళ్లీ వస్తుంది. అందుకే విషం పెట్టాలనుకున్నవాడికి పని సులువు. అంటే పశువు చనిపోయిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు సమయం. ఆ రెండు రోజుల్లో అటవీశాఖ మనిషి ఆ ఇంటికి వెళ్లి, పంచనామా రాసి, కొంత డబ్బు చేతిలో పెడితే పులి బతుకుతుంది. దరఖాస్తు, పశువైద్యుడి సర్టిఫికెట్, రేంజ్ ఆఫీసు, డివిజన్ ఆఫీసు, బిల్లు, బడ్జెట్ అంటూ నెలలు గడిచాక వచ్చే పరిహారం న్యాయమే కావచ్చు, పులిని మాత్రం కాపాడలేదు. పరిహారం ఎంత అన్నదాని గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఎప్పుడు అన్నదే ముఖ్యం.

కరెంటు తీగల కథ ఇంకోటి. వాటిని పులి కోసం పెట్టేవాళ్లు తక్కువ, అడవిపందుల కోసం పెట్టేవాళ్లే ఎక్కువ. రాత్రికి రాత్రి మక్కచేను మొత్తం దున్నేసే పందుల గుంపును చూసిన రైతుకు తీగ తప్పనిపించదు. అదే తీగకు పులి తగులుతుంది, పక్క చేను రైతు తగులుతాడు, రాత్రి గస్తీ తిరిగే ఫారెస్టు సిబ్బందికీ అదే భయం. 2025 మే నెలలో పెంచికల్‌పేట అడవిలో ఒక ఆడపులి ఇలా కరెంటుకే బలైంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ముప్పయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితో చంపవచ్చని చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. ఆ అధికారాన్ని సర్పంచుల దాకా తేవాలని తెలంగాణ ప్రభుత్వం కొన్నేళ్ల కింద నిర్ణయించింది. ఊళ్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? షూటర్ ఎక్కడ దొరుకుతాడు, ఎవరిని అడగాలి, ఖర్చెవరు పెట్టుకోవాలి అన్నది తెలియకపోతే రైతు చట్టబద్ధమైన దారి వదిలి తీగ దగ్గరికే వెళ్తాడు. పక్కాగా చెప్పాలంటే, పంది సమస్య తీర్చకుండా పులి సమస్య తీరదు.

2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి వెళ్లిన ఒక యువతిని పులి చంపింది. మర్నాడే సిర్పూర్(టి) మండలంలో ఒక రైతు మీద దాడి చేసింది. పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి తల వెనకవైపు పెట్టుకొమ్మని కూలీలకు మనిషి ముఖం ఉన్న మాస్కులు పంచారు. పొద్దెక్కాక వెళ్లి పొద్దుగూకకముందే రమ్మన్నారు. మాస్కులు పంచిన సిబ్బందిని తప్పుపట్టను. ఆ క్షణంలో వాళ్ల చేతిలో ఉన్నది అదే. మనిషి చనిపోతే రాష్ట్రంలో పరిహారం 10 లక్షలు. కానీ పత్తి తీత నడుస్తున్న కాలంలో పదిరోజులు చేనుకు పోకపోతే ఆ కూలీ ఎవరిస్తారు? పులి తిరుగుతున్నప్పుడు పని మానుకోమని చెప్పే ప్రభుత్వం ఆ రోజుల కూలీ కట్టివ్వాలన్న ఆలోచన ఏ చట్టంలోనూ లేదు. ఉండాలి.

ఇలాంటి వాతావరణంలో 2025 మే 30న జీవో 49 వచ్చింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. తడోబాకూ కవ్వాల్‌కూ మధ్య దారిని కాపాడాలన్న ఉద్దేశం సరైనదే. పులులు నిజంగా ఉన్నచోటికి రక్షణ చేరాలని పైన నేను చెప్పిందీ అదే. కానీ ఆదివాసీ సంఘాలు ఒక్కటై వ్యతిరేకించాయి, జిల్లా అట్టుడికింది. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది.

తప్పు ఎక్కడ జరిగింది? చట్టంలో లేదు. వన్యప్రాణి చట్టం 36ఏ సెక్షన్ కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని స్పష్టంగా చెబుతుంది. 36బి ప్రకారం దాని నిర్వహణ కమిటీలో, ఆ పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలి. అభయారణ్యానికి ఉన్నన్ని ఆంక్షలు దీనికి లేవు, ఊళ్లు ఖాళీ చేయించే నిబంధన లేదు. ఇవన్నీ ముందే ఊరూరా కూర్చుని చెప్పాల్సిన మాటలు. జీవో వచ్చాక, ఆందోళన మొదలయ్యాక చెబితే అవి సర్దిచెప్పే మాటల్లాగే వినిపిస్తాయి. అది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. అక్కడ గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది. ముందు గ్రామసభ, తర్వాత జీవో అన్న వరుస తిరగబడింది.

పైగా ఆ రిజర్వ్‌కు పెట్టిన పేరు కుమురం భీంది. అడవిలో పశువులు మేపుకోవడానికి, పోడు చేసుకోవడానికి అడ్డుపడ్డ అధికారుల మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి ఆయన. ఆయన వారసులను అడగకుండా ఆయన పేరుతో అడవికి హద్దులు గీస్తే గోండులు, కోలాములు ఎలా తీసుకుంటారో ఊహించడం కష్టం కాదు. ఆ నేల మీద అపనమ్మకానికి పాత చరిత్రే కాదు, కొత్త చరిత్రా ఉంది. 2019లో సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజ్ ఆఫీసర్ మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ ఆఫీసర్ ప్రాణమే పోయింది. హైదరాబాద్‌లో వరుస తప్పిన ప్రతిసారీ దెబ్బ తినేది అడవిలో ఉన్న ఆ యూనిఫాం మనిషి, లేదంటే పోడు పట్టా కోసం ఏళ్లుగా తిరుగుతున్న ఆదివాసీ. 2023లో రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. అది పెద్ద అడుగు. ఇంకా తేలని దరఖాస్తులు ఉన్నచోట కొత్త హద్దు ఏదొచ్చినా జనం దాన్ని తమ చేను మీదికొచ్చిన హద్దుగానే చూస్తారు.

జనం ఇంకోటి కూడా చూస్తున్నారు. కాళేశ్వరం ప్రాజెక్టు కోసం 3 వేల హెక్టార్లకు పైగా అటవీ భూమిని మళ్లించారు. ఓపెన్‌కాస్టు గనులకు అడవి పోతూనే ఉంది. పులులు తిరిగే దారిలోనే హైవే, మూడో రైల్వే లైను వచ్చాయి. టైగర్ రిజర్వులను కలిపే ప్రాంతాలను మళ్లించాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదం కావాలని వన్యప్రాణి చట్టం 38ఓ సెక్షన్ అంటుంది. ఆమోదాలు వస్తాయి, షరతులు పెడతారు, పరిహార అడవుల పెంపకానికి డబ్బు జమ అవుతుంది. మద్దిచెట్లు, ఇప్పచెట్లు, వెదురు కలిసి పెరిగిన అడవికి బదులు ఎక్కడో టేకు మొక్కలు వరుసగా లేస్తాయి. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి కొన్ని రకాల భూములకు, పనులకు మినహాయింపులు కూడా ఇచ్చారు. అడవి అంటే ఏమిటన్న 1996 నాటి విస్తృత నిర్వచనాన్నే ప్రస్తుతానికి పాటించాలని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పాల్సి వచ్చింది. గనికి సందు దొరికే చట్టంలో మేకల కాపరికి సందు దొరకదు. ఈ తేడా మన సంరక్షణ విధానంలో అన్నిటికంటే పెద్ద బలహీనత అని నా అభిప్రాయం. అడవి పక్కన బతికేవాడు చట్టాన్ని నమ్మకపోతే ఎన్ని కెమెరాలు పెట్టినా ఉపయోగం ఉండదు.

చట్టం సరిగ్గా తగలాల్సిన చోట తగిలితే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ అదే పెంచికల్‌పేట పరిధిలో ఉంది. పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కడుతున్నట్టు 2013లో గుర్తించారు. 1990ల తర్వాత దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కిడ్నీలను దెబ్బతీస్తోందని తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మీదా నిషేధం పెట్టారు. ఎవరి ఊరూ ఖాళీ చేయించలేదు, ఎవరి మేతా ఆపలేదు. కారణం కనిపెట్టి కారణం మీద దెబ్బ కొట్టారు. ఇప్పుడు ఆ గుట్ట మీది రాబందులకు ఉన్న ప్రమాదాల్లో ఒకటి, పులి కోసం కళేబరాలకు పెట్టే విషం. పశువు యజమానికి పరిహారం రెండు రోజుల్లో అందితే పులితో పాటు రాబందూ బతుకుతుంది.

జీవవైవిధ్య చట్టం సంగతి కొద్దిగా చెప్పుకోవాలి. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్లు, చేపలు, పంటలు, మందుమొక్కలు, వాటి గురించి పెద్దవాళ్లకు తెలిసిన విషయాలు ఒక రిజిస్టర్‌లో రాయాలి. 2012లో హైదరాబాద్‌లో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు కూడా జరిగింది. అయినా ఈ పని ఏళ్ల తరబడి సాగలేదు. 2020 జనవరిలోగా పూర్తి చేయకపోతే నెలకు 10 లక్షల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ హెచ్చరించాక దేశమంతా హడావుడిగా రిజిస్టర్లు సిద్ధమయ్యాయి. హడావుడిలో రాసిన రిజిస్టర్‌లో ఊరి ముసలవ్వకు తెలిసిన వేర్ల మందు ఎక్కుతుందా? మీ పంచాయతీ ఆఫీసులో ఆ రిజిస్టర్ ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వేరే చట్టం కింద, రైతులు పట్టుబట్టి సాధించుకున్నది. తమ దగ్గరున్న దాని విలువ జనానికి తెలిస్తే వాళ్లే కాపాడుకుంటారనడానికి అది చాలు.

చేనుకు పోని రోజుల కూలీ విషయం తప్పిస్తే కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నవాటిని జరగాల్సిన వరుసలో జరిపితే చాలు. పులులు నడిచే దారిలోని (కారిడార్) గ్రామాల్లో ముందు అటవీ హక్కుల దరఖాస్తులు తేల్చాలి, సామూహిక అటవీ హక్కు పత్రాలు ఇవ్వాలి. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. ట్రాకర్లుగా ఆ ఊరి కోలాము, గోండు యువకులనే జీతం మీద పెట్టాలి, సీజన్ కూలీ మీద కాదు. పశు పరిహారానికి రేంజ్ ఆఫీసర్ చేతిలోనే కొంత నిధి ఉంచి, 48 గంటల్లో సగమైనా ఇచ్చే అధికారం ఇవ్వాలి. ఆ తర్వాత 36ఏ ముసాయిదాను తెలుగులో, గోండిలో గ్రామసభ ముందు చదవాలి. కొన్ని ఊళ్లు వద్దంటాయి. వద్దన్న ఊళ్లను ప్రస్తుతానికి పక్కనపెట్టి, సరేనన్న ఊళ్ల అడవితో రిజర్వ్ చిన్నదిగా మొదలుపెట్టవచ్చు. పక్క ఊళ్లో పరిహారం వేళకు అందుతోందని, మేకలను ఎవరూ ఆపడం లేదని కనిపిస్తే వద్దన్న ఊరు మళ్లీ ఆలోచిస్తుంది. అలా విడతలవారీగా చేయడానికి 36ఏ సెక్షన్‌లో అడ్డేమీ లేదు.