పాత డీఎల్ఎల్ ఒక్కటి చాలు

ఫైళ్లు విప్పడానికి వాడే విన్‌రార్‌లో ఏస్ అనే పాత ఫార్మాట్ కోసం ఒక చిన్న డీఎల్ఎల్ ఫైలు, అంటే అసలు ప్రోగ్రామ్ అవసరమైనప్పుడు పిలిచి వాడుకునే కోడ్ ముక్క, ఉండేది. 2005 తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. విన్‌రార్ తయారీదారుల దగ్గర దాని సోర్స్ కోడ్ (మార్పులు చేయడానికి కావాల్సిన మూల ప్రోగ్రామ్) కూడా లేదు. అయినా ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు అది జనం కంప్యూటర్లలోకి చేరుతూనే వచ్చింది.

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు దాని గుట్టు బయటపెట్టారు. ఏస్ ఫైలుకు రార్ అని పేరు మార్చి పంపినా, విన్‌రార్ లోపలి సరుకు చూసి ఆ పాత డీఎల్ఎల్‌కే అప్పగించేది. మనం ఏ ఫోల్డర్‌లో విప్పమన్నా, దాడి చేసేవాడు కోరిన స్టార్టప్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పడేది. మళ్లీ కంప్యూటర్ ఆన్ చేయగానే అది తనంతట తానే నడిచేది. సోర్స్ కోడ్ లేక మరమ్మతు కుదరలేదు. 5.70 వెర్షన్‌లో ఏస్‌నే తీసేశారు. మంచి పనే, కానీ ఎన్నో ఏళ్ల ముందే చేయాల్సింది. పైగా విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. పాత వెర్షన్ ఉన్నచోటల్లా ఆ లోపమూ ఉన్నట్టే.

‘పాతదైతే తీసేయండి’ అని చెప్పడం తేలిక. మన డీటీపీ సెంటర్లకు ఆ మాట ఎలా చెబుతాం? పేజీలు కూర్చడానికి 2001 నాటి పేజ్‌మేకర్ 7.0, తెలుగు టైపింగ్‌కు తోడుగా అను స్క్రిప్ట్ మేనేజర్. శుభలేఖల నుంచి పుస్తకాల దాకా ఏళ్ల తరబడి వాటిలోనే కంపోజ్ అయ్యాయి. పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే ఉమ్మడి పద్ధతిలో లేవు. ఫాంటు లేనిచోట ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, గుర్తులు కనిపిస్తాయి. అందుకే చాలామంది పాత విండోస్‌ను వదలలేకపోతున్నారు. విండోస్ 7కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఆ కంప్యూటర్‌కే వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ పెడతారు. ఇందులో ఆపరేటర్‌ను తప్పుపట్టలేం, అతని బతుకుతెరువు అది.

ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయడం, బయటి పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయడం ఈరోజే చేయగలిగినవి. అసలు పని పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి కాబట్టి మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాల్సిందే. ఆ ఖర్చు చిన్న ప్రెస్సుల నెత్తిన వేయడం అన్యాయం. ఉభయ రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలు, భాషా సంస్థలు దీన్ని తమ బడ్జెట్‌లో పెట్టుకోవాలి, ముందుగా మళ్లీ అచ్చువేయాల్సిన పుస్తకాలతో మొదలుపెట్టాలి.